నిప్పురవ్వకు ఒక వేళ



కిందటి వానకాలములో రాజోలు దగ్గర ఒక పల్లెలో ఉన్న పెద్దాయనను పరామర్శించడానికి వెళ్ళాము. ఆయనకు అరవై ఎనిమిది ఏళ్ళు. అరుగు మీద వాలుకుర్చీలో కూర్చుని కుడికాలు పీట మీద చాపుకొని ఉన్నారు. పాదము మొదలు మోకాలి కింది వరకు పిండికట్టు. బండి మీద నుండి పడి ఉంటారనుకొని అడిగాము. "పడలేదండి అయ్యగారూ. నిలబడి ఉన్న బండే తన్నిందండి" అన్నారు.

ఆ బండి పెరట్లో కొబ్బరిచెట్టు కింద గోనెపట్టా కప్పుకొని ఉన్నది. 1992 లో కొన్న బుల్లెట్ 350. దాని మీదనే ఆయన కొబ్బరికాయల బేరములకు తిరిగారు. దాని మీదనే ఇల్లాలిని కాన్పుకు అమలాపురం తీసుకువెళ్ళారు. టాంకు మీద ఒకరిని, వెనుక ఇద్దరిని కూర్చుండబెట్టుకొని ముగ్గురు పిల్లలను ప్రతి ఆదివారము మందిరమునకు తెచ్చారు.

ఆ ముగ్గురిలో చిన్నవాడు ఇప్పుడు హైదరాబాదులో పని చేస్తున్నాడు. సెలవుకు వచ్చినప్పుడు తండ్రి తెల్లవారుజామున పది పన్నెండు కిక్కులు కొట్టి చెమటలు కక్కడం చూచి, మనసు కష్టపెట్టుకొని వెళ్ళాడు. తరువాతి సెలవుకు తన జీతముతో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్టు కొని తెచ్చాడు. ఒక సాయంత్రమంతా కూర్చుని తానే బిగించాడు. "నాన్నా, ఇక ఒక్క కిక్కు చాలు, రండి" అని పిలిచాడు. తండ్రి కొట్టిన ఆ మొదటి కిక్కుకే పెడలు వెనక్కి తన్నింది. చీలమండ ఎముక విరిగింది.

మేము వెళ్ళిన రోజున కుమారుడు తండ్రి ముఖము వైపు చూడలేకపోయాడు. "పాత ఇనుముకు ఇచ్చేద్దామండి అయ్యగారూ. దాన్ని చూస్తుంటే నాకు అన్నం దిగటం లేదండి" అన్నాడు. పెద్దాయన మాత్రము, "బండి పాపమేముందిరా? మనం ఏ వేళకు నిప్పిచ్చామో ఆ వేళకే తన్నింది" అన్నారు.

మేమును పాత బుల్లెట్ మీదనే మూడు గ్రామములు తిరుగుతున్నాము గనుక ఆ మాట మా మనసులో నిలిచిపోయింది. రెండు రోజుల తరువాత, నలభై ఏళ్ళుగా బుల్లెట్లే బాగుచేస్తున్న ఒక మేస్త్రిగారిని వెంటబెట్టుకొని మరల వెళ్ళాము. అక్కడ చూచినది, నేర్చుకున్నది ఈ పేజీలో వ్రాయమని ఆ కుటుంబమే మమ్మును కోరింది. మరొక ఇంటిలో మరొక కాలు విరగకూడదని వారి ఆశ. పేర్లు మాత్రము వద్దన్నారు.

పాయింట్లు చేసే పని

ప్లగ్గు కొన దగ్గర నిప్పురవ్వ ఎగరాలంటే బ్యాటరీలోని 12 వోల్టులు చాలవు, వేల వోల్టులు కావాలి. ఆ పని కాయిల్ చేస్తుంది. దానిలో రెండు చుట్టలు ఉంటాయి. ఒకటి లావు తీగతో కొద్దిపాటి చుట్లు, మరొకటి వెంట్రుకవంటి తీగతో వేల చుట్లు. పాయింట్లు కలిసి ఉన్నంతసేపు మొదటి చుట్టలో కరెంటు పారి అయస్కాంతశక్తి నిండుతుంది. పాయింట్లు విడిన క్షణమున ఆ కరెంటు తెగి, ఆ శక్తి ఒక్కసారిగా కూలుతుంది. ఆ కూలడమే రెండవ చుట్టలో వేల వోల్టులను పుట్టిస్తుంది. కనుక నిప్పురవ్వ వచ్చేది పాయింట్లు కలిసినప్పుడు కాదు, విడినప్పుడు. ఈ ఒక్క మాట జ్ఞాపకముంచుకుంటే మిగిలినదంతా సులువుగా అర్థమవుతుంది.

ఈ సూత్రమును 1831 లో లండనులో కనుగొన్న మైకేల్ ఫారడే ఒక కమ్మరి కుమారుడు. పుస్తకములకు అట్టలు కట్టే పని నేర్చుకుంటూ, ఆ పుస్తకములనే చదివి విజ్ఞానవేత్త అయినవాడు. సాండిమేనియన్లు అనే చిన్న క్రైస్తవ సంఘములో పెద్దగా కూడ ఉన్నవాడు. బ్యాటరీ, కాయిల్, పాయింట్లు కలిసిన ఏర్పాటును అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ రూపొందించగా కాడిలాక్ కార్లలో అది వచ్చింది. మన పాత బుల్లెట్ లో ఉన్నది ఆ ఏర్పాటే.

అయితే పాయింట్లు అరిగిపోయే వస్తువు. బుల్లెట్ ఇంజను నాలుగు స్ట్రోకులది గనుక రెండు చుట్లకు ఒక నిప్పురవ్వ కావాలి. నిమిషమునకు 3000 చుట్లు తిరిగితే పాయింట్లు క్షణమునకు 25 సార్లు, గంటకు 90,000 సార్లు తెరుచుకొని మూసుకుంటాయి. కొనలు నల్లబడి గుంటలు పడతాయి. కామ్ మీద రాసుకునే ఫైబరు మడమ అరిగి సందు తగ్గుతుంది, సందు తగ్గితే నిప్పురవ్వ ఆలస్యమవుతుంది. పైగా అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి, మన వానలకు చిలుము తొందరగా పడుతుంది. ఎలక్ట్రానిక్ కిట్టులో పాయింట్ల స్థానమున ఒక చిన్న అయస్కాంతము తిరుగుతుంది, దాని ఎదుట ఒక సెన్సరు ఉంటుంది. ఒకదానికొకటి తగలవు గనుక అరుగుదల లేదు. సెన్సరు కబురు అందగానే పెట్టె కాయిల్ కరెంటును తెంచుతుంది. 1985 లో వచ్చిన యమహా ఆర్ఎక్స్ 100 పాయింట్లు లేకుండానే వచ్చింది. తరువాతి బుల్లెట్లకు కంపెనీయే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ అమర్చింది.

ముందుగా ఎందుకు?

పిస్టన్ పైకి వచ్చి ఆగిన చోట నిప్పు పెడితే చాలునని అనుకుంటాము. కాని పెట్రోలు గాలి ఒక్క క్షణములో మండిపోదు. పొయ్యిలో పుల్ల అంటుకున్నట్లు ఒక మూల నుండి మంట పాకాలి. ఆ పాకే సమయము లెక్క వేసుకొని, పిస్టన్ పైకి చేరకముందే నిప్పు పెట్టాలి. ఇంజను నిమిషమునకు 1000 చుట్లు తిరిగేటప్పుడు క్షణములో వెయ్యవ వంతుకు 6 డిగ్రీలే కదులుతుంది. 3000 చుట్లలో అదే వ్యవధిలో 18 డిగ్రీలు కదులుతుంది. కాబట్టి వేగము పెరిగినకొద్దీ నిప్పు ఇంకా ముందుగా పడాలి. దీనినే అడ్వాన్సు అంటారు.

పాత బుల్లెట్ లో ఈ పని పాయింట్ల పళ్ళెము వెనుక ఉన్న రెండు చిన్న బరువులు, స్ప్రింగులు చేస్తాయి. బండి నిలబడి ఉండగా బరువులు లోపలికి ముడుచుకొని ఉంటాయి. అప్పుడు నిప్పు పడవలసినది పిస్టన్ పై చివరకు 0.8 మిల్లీమీటరు ముందు. 90 మిల్లీమీటర్ల స్ట్రోకు గల ఈ ఇంజనులో అది సుమారు 10 డిగ్రీలు. వేగము పెరిగితే బరువులు విచ్చుకొని నిప్పును ముప్పై డిగ్రీలకు అటూ ఇటూగా ముందుకు జరుపుతాయి.

పొరపాటు ఎక్కడ జరిగింది?

కిట్లు రెండు రకములు. మొదటి రకము పాయింట్ల స్థానమును మాత్రమే తీసుకుంటుంది, పాత బరువులు అలాగే పని చేస్తాయి. రెండవ రకములో అడ్వాన్సు పని కూడ పెట్టె లోపలే జరుగుతుంది గనుక పాత బరువులను తీసివేయాలి, లేదా కదలకుండా బిగించాలి. మొదటి రకమును బరువులు ముడుచుకొని ఉండగా సుమారు 10 డిగ్రీలకు పెట్టాలి. రెండవ రకములో చాలావాటిని పూర్తి అడ్వాన్సు గుర్తుకు పెడతారు, కిక్కు వేళ నిప్పును వెనక్కి తగ్గించేది పెట్టెయే.

ఆ అబ్బాయి తెచ్చినది మొదటి రకము. ఫోనులో చూచిన వీడియో రెండవ రకమునకు సంబంధించినది. రెండూ ఒకటేనని నమ్మి ముప్పై డిగ్రీల దగ్గర బిగించాడు. ఆ చోట పిస్టన్ ఇంకా ఏడు మిల్లీమీటర్లకు పైగా కిందనే ఉంటుంది. కిక్కు బలముతో నెమ్మదిగా పైకి వస్తున్న పిస్టన్ మీద మంట ముందే విరుచుకుపడి, దానిని వచ్చిన దారినే కిందికి నెట్టింది. ఆ బలమంతా పెడలు మీదుగా తండ్రి కాలికి తగిలింది.

మేస్త్రిగారు మరొకటి కూడ చూపించారు. బ్యాటరీ నెగటివు తీగ చట్రానికి కలిసే బోల్టు విప్పితే దాని కింద పచ్చని చిలుము, తుప్పు. "తెల్లవారుజామున పది కిక్కులు కొట్టించింది పాయింట్లు కాదండి, ఈ బోల్టండి" అన్నారు. గరుకు కాగితముతో పది నిమిషములు రుద్దితే పోయే జబ్బు అది. ఆ మాట విని అబ్బాయి తల వంచుకున్నాడు. మేస్త్రిగారు అతని భుజము తట్టి, "పాయింట్లు కూడా అరిగే ఉన్నాయిలే బాబూ. ఎప్పటికైనా మార్చవలసినవే. పట్టు, పని చేద్దాం" అన్నారు.

అమర్చే క్రమము

ఆ మధ్యాహ్నము చేసిన పనిని వరుసగా వ్రాస్తున్నాము. కత్తిరించి బండి పెట్టెలో ఉంచుకోండి.

1. మొదట బ్యాటరీని, తీగలను చూడండి. బలహీనమైన బ్యాటరీతో కొన్ని పెట్టెలు తప్పు వేళకు నిప్పిస్తాయి. నేల తీగ కలిసే చోటును ఇనుము మెరిసేవరకు రుద్దండి. 6 వోల్టుల బండి అయితే ముందు 12 వోల్టులకు మార్చనిదే చాలా కిట్లు పని చేయవు. చట్రానికి కలిసి ఉన్నది నెగటివో పాజిటివో చూడండి. తారుమారైతే పెట్టె కాలిపోతుంది.

2. మీ కిట్టు ఏ రకమో దానితో వచ్చిన కాగితములో చదవండి. అర్థము కాకపోతే అమ్మినవారిని అడగండి. ఇంకొక కిట్టు వీడియో చూచి అంకెలు తీసుకోవద్దు.

3. బ్యాటరీ తీగ విప్పి పని మొదలుపెట్టండి. పాత పాయింట్ల పళ్ళెమును, కండెన్సరును జాగ్రత్తగా తీసి ఒక డబ్బాలో దాచండి.

4. మొదటి రకము కిట్టు అయితే బరువులను శుభ్రము చేసి ఒక చుక్క నూనె వేయండి. వేలితో తిప్పి వదిలితే స్ప్రింగులు వాటిని వెంటనే వెనక్కి లాగాలి. తుప్పుపట్టి విచ్చుకొనే ఉండిపోయిన బరువులు కూడ కాలు విరుస్తాయి.

5. ప్లగ్గు తీసి, నడుమ స్టాండు వేసి, నాలుగవ గేరులో ఉంచి వెనుక చక్రమును చేతితో తిప్పితే పిస్టన్ నెమ్మదిగా కదులుతుంది. కుడివైపు ట్యాపెట్ మూత తీసి పుష్ రాడ్లను వేళ్ళతో తిప్పి చూడండి. పిస్టన్ పైన ఉండగా రెండూ సులువుగా తిరిగితే అది కంప్రెషన్ వేళ. ఒకటి బిగిసి ఉంటే ఇంకొక చుట్టు తిప్పాలి.

6. ప్లగ్గు రంధ్రము ఏటవాలుగా ఉంటుంది గనుక సైకిలు పుల్ల పెట్టి కొలిచే కొలత కచ్చితముగా రాదు. ఎడమవైపు ప్రైమరీ మూత తీసి, ఆల్టర్నేటరు నట్టు మీద డిగ్రీల పళ్ళెము బిగించడమే మేలు. మూత తీసేటప్పుడు నూనె కారుతుంది, కింద పళ్ళెము పెట్టండి. ప్లగ్గు రంధ్రములో పిస్టన్ ను ఆపే అడ్డు ఒకటి బిగించి, చక్రమును ఇటు తిప్పి ఆగిన డిగ్రీ, అటు తిప్పి ఆగిన డిగ్రీ వ్రాసుకోండి. ఆ రెంటికి సరిగ్గా నడుమ ఉన్నదే పై చివర. అది గుర్తు పెట్టి అడ్డు తీసివేయండి.

7. ఇప్పుడు మీ కిట్టుకు తగిన డిగ్రీ దగ్గరకు చక్రమును ముందుకు తిప్పుతూనే రండి. గుర్తు దాటితే బాగా వెనక్కి వెళ్ళి మరల ముందుకు రావాలి. లేకపోతే పళ్ళ చక్రముల వదులు వలన లెక్క తప్పుతుంది. ఆ చోట నిప్పురవ్వ పడేటట్లు సెన్సరు పళ్ళెమును జరిపి బిగించండి. నిప్పురవ్వ చూచుటకు ప్లగ్గును తీగకు తగిలించి ఇంజను లోహమునకు ఆనించి ఉంచండి. కాని ప్లగ్గు రంధ్రమునకు దూరముగా ఉంచాలి, అక్కడ పెట్రోలు ఆవిరి ఉంటుంది. ప్లగ్గు తీగను గాలిలో వేలాడదీసి ఎన్నడును కిక్కు కొట్టవద్దు. పోవడానికి దారి లేని ఆ వేల వోల్టులు పెట్టెనే చంపుతాయి.

8. పెట్టెను ఇంజను వేడి తగలని చోట, అదురు తగలకుండా రబ్బరు వేసి బిగించండి. కిట్టు కాగితము రెసిస్టరు ఉన్న ప్లగ్గు క్యాపు వేయమంటే అదే వేయండి. చట్రానికి వెల్డింగు చేయించేటప్పుడు పెట్టె తీగలు విప్పండి.

9. టైమింగు లైటు ఉన్నవారి దగ్గర ఒకసారి చూపించండి. వేగము పెంచేకొద్దీ గుర్తు జారుతూ వెళ్ళి ఒక చోట నిలవాలి. గంతులు వేస్తే ఏదో వదులుగా ఉన్నది.

ఈ పనులన్నీ ముగిసేసరికి పొద్దు వాలింది. మేస్త్రిగారు అబ్బాయిని పిలిచి, "బిగించినవాడే మొదటి కిక్కు కొట్టాలి. మా గురువుగారు నాకు నేర్పింది ఇదే" అన్నారు. అతని చేతులు వణకడం మేము చూచాము. చెప్పులు విప్పించి బూట్లు తొడిగించారు. ఇంతకు ముందు ఇంట్లో అందరూ ఆమ్మీటరు ముల్లు నడిమికి రావడము చూచి కిక్కు కొట్టేవారు. పాయింట్లు విడిన గుర్తు అది. ఈ పెట్టె ఇంజను తిరగనప్పుడు కరెంటును తానే ఆపివేస్తుంది గనుక ఆ ముల్లును ఇక నమ్మడానికి లేదు. కంప్రెషన్ తగిలేవరకు పెడలు నొక్కి, డీకంప్రెషన్ లివరు పట్టుకొని కొద్దిగా దాటించి, లివరు వదిలి, పెడలును పైకి రానిచ్చి, సగము మనసుతో కాక నిండుగా కింది వరకు తొక్కాలని చూపించారు. రెండవ కిక్కుకు బండి పలికింది. అరుగు మీద నుండి పెద్దాయన కర్రతో నేలను తట్టారు.

మన డెల్టాలో కొండలు లేవు. కాబట్టి వంతెన ఎక్కుడే మన పరీక్ష. మరునాడు మేస్త్రిగారు, అబ్బాయి దిండి మీదుగా చించినాడ వంతెన ఎక్కారు. పెద్ద గేరులో బరువు లాగేటప్పుడు ఇంజనులో గులకరాళ్ళు పోసినట్లు టకటక వినబడితే నిప్పు ముందుగా పడుతున్నట్లు. లాగుడు చచ్చి, సైలెన్సరు గొట్టము మితిమీరి కాలితే ఆలస్యముగా పడుతున్నట్లు. వారికి రెండూ కనబడలేదు.

అందరూ మార్చుకోవాలా?

ఈ ప్రశ్న తప్పక వస్తుంది గనుక మా అభిప్రాయము చెబుతున్నాము. వారమునకు ఒకసారి మందిరమునకు, సంతకు వెళ్ళే బండికి అక్కరలేదు. 0.35 నుండి 0.40 మిల్లీమీటరు సందు పెట్టుకొని, కొనలు శుభ్రము చేసుకుంటే పాయింట్లు నమ్మకముగా పని చేస్తాయి. అవి చెడినా రోడ్డు పక్కన గరుకు కాగితము ముక్కతో ఇల్లు చేరవచ్చు. ఎలక్ట్రానిక్ పెట్టె చెడితే ఏ మేస్త్రియు దారిలో బాగుచేయలేడు. రోజూ దూరము తిరిగేవారికి, ఛార్జింగు బాగున్న 12 వోల్టుల బండికి కిట్టు మేలు. అయితే పాత పాయింట్ల డబ్బాను, ఒక స్క్రూడ్రైవరును, చిన్న పానాను బండిలోనే ఉంచుకోండి. సఖినేటిపల్లి రేవులో ఆఖరి పంటు కోసము వెళ్ళేటప్పుడు ఆ డబ్బా విలువ తెలుస్తుంది. ఏది చేసినా ముందుగా నేల తీగను, బ్యాటరీని, ప్లగ్గు క్యాపును చూడండి. డబ్బు ఖర్చు ఆ తరువాత.

పెద్దాయన ఇంటిలో కూడ ఈ మాట వచ్చింది. కిట్టు విప్పి పాయింట్లే మరల బిగించమంటారా అని మేస్త్రిగారు అడిగారు. "వద్దండి. పిల్లోడు మొదటిసారి నాకోసం తన జీతంతో తెచ్చిన వస్తువండి. ఉండనివ్వండి" అన్నారాయన.

పిండికట్టు విప్పిన తరువాత వచ్చిన ఆదివారము మేము మందిరము గేటు దగ్గర నిలబడి ఉండగా ఆ బుల్లెట్ శబ్దము వినబడింది. కుమారుడు నడుపుతున్నాడు. తండ్రి వెనుక కూర్చుని ఒక చేతితో కర్రను, ఒక చేతితో కుమారుని భుజమును పట్టుకున్నారు. ఆరాధన అయిన తరువాత ఇద్దరిలో ఎవరు కిక్కు కొడతారో చూడాలని పిల్లలందరు చుట్టూ చేరారు. డాక్టరుగారు ఇంకా నెల రోజులు ఆగమన్నారట. కుమారుడే కొట్టాడు.

వచ్చే నెల ఈ పేజీలో బ్యాటరీకి చిలుము పట్టకుండా వానకాలములో తీసుకోవలసిన జాగ్రత్తలు వ్రాస్తాము. మీ బండికి వచ్చిన కష్టములను మాకు వ్రాయండి.